బియ్యం మూట వెనక్కి

సుమ అడగడానికి సిగ్గుపడే పిల్ల కాదు. అడుక్కోవడానికి మాత్రం చచ్చినా ఒప్పుకోదు. ఈ రెంటికీ తేడా తెలియనివాళ్లు కర్ణాటక సరిహద్దులోని ఆ సిరుగుప్పలో బోలెడుమంది. వాళ్లలో మొదటివాడు ఆమె కన్నతండ్రి గాదిలింగప్పే!

రెండు నెలల కిందట బళ్ళారి ఉద్యోగమేళాలో, జీన్స్ ఉతికే యూనిట్ మేనేజర్ గురురాజ ఆమెతో పావుగంట మాట్లాడాడు. ప్యాంట్లమీద తెల్లచారలు పడి సరుకు వెనక్కి వస్తోందని మొత్తుకున్నాడు. టెక్స్‌టైల్ డిప్లొమా చేసిన సుమ, "మిషన్లో గుడ్డలు కుక్కుతాండారేమో సార్" అంది. ఆయన కార్డు ఇచ్చి, "మెసేజ్ చెయ్యమ్మా, చూద్దాం" అన్నాడు.

మరునాడే థ్యాంక్స్ చెప్పింది. పదిహేను రోజులాగి, కాలేజీ ల్యాబులో తాను ఉతికి చూసిన రెండు గుడ్డముక్కల ఫొటోలు పంపింది. కుక్కి ఉతికినదొకటి, వదులుగా ఉతికినదొకటి. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. క్యాలెండర్లో ఇరవయ్యో తారీకు చుట్టూ గీత గీసుకుంది. ఆ రోజు ఇంకొక్కసారి అడుగుతుంది, ఆపైన అడగదు.

రైస్ మిల్లులో మూటలు మోసే గాదిలింగప్పకు ఇది మింగుడు పడలేదు.

"ఫోన్లో బొమ్మలు పంపితే కొలువిస్తారా యాడన్నా? ఒక మూట సోనా బియ్యం ఇచ్చి, చేతులు కట్టుకోని నిలబడల్ల. ఊరికే కూచుంటే ఎవరు పిలుస్తారు?"

"నేను నిలబడను నాయనా. నువ్వూ నిలబడొద్దు."

విన్నట్టే తలూపాడు. మంగళవారం పొద్దున్నే పాతిక కిలోల మూటతో బళ్ళారి బస్సెక్కేశాడు. సాయంత్రం ముఖం వెలిగిపోతూ వచ్చి, "ఇచ్చొచ్చినా! సారు కాఫీ గూడ తాపినాడు" అన్నాడు.

సుమకు ఒళ్లు మండిపోయింది. తిట్టబోయి, కాయలు కాచిన ఆయన మెడ చూసి నోరు మూసుకుంది. ఏడుపొచ్చింది. ఇంత తెలివిగా, ఇంత ఓపిగ్గా చేసుకొచ్చినదంతా ఆ మూట కింద అణిగిపోయింది. ఇప్పుడు కొలువొచ్చినా అది బియ్యానికొచ్చిందే గదా!

మరునాడు బళ్ళారి పోయి, నేరుగా గురురాజ గదిలోకి వెళ్లింది. మూట కుర్చీ పక్కనే ఉంది.

"సార్, మా నాయన నిన్న ఈడ బియ్యం పెట్టి పోయినాడు. తీసుకపోయేదానికి వచ్చినా."

ఇద్దరు గుమాస్తాలు తలలెత్తారు. గురురాజ ముఖం కందిపోయింది.

"వద్దంటే పెద్దాయన వినలేదమ్మా. ప్రీతితో ఇచ్చినాడు, తప్పేముంది? అందరూ తెస్తారు. నీ సంగతి ఈ వారం చూద్దామనుకుంటాండా."

"ఫొటోలు పంపి నెల దాటింది సార్. అప్పుడు చూడంది బియ్యం చూసి చూస్తారా? నా పని బాగుంటే పిలవండి, లేకుంటే లేదని చెప్పండి. ఈ మూట మాత్రం మాది."

వాచ్‌మన్ సాయానికొచ్చాడు. "అక్కర్లేదప్పా, మూటలు మోసే ఇంటిదాన్నే" అంటూ భుజానికెత్తుకుంది. గేటుదాకా ఎక్కడా దించలేదు.

మూట చూసి గాదిలింగప్ప నెత్తి కొట్టుకున్నాడు. "నోటికాడి కూడు తన్నుకున్నావు గదే!"

"తన్నుకుంటే తన్నుకున్నా. నా కోసరం నువ్వు ఇంగొకరి ముందర చేతులు కట్టుకునేది నాకొద్దు."

ఆయన రెండు రోజులు సరిగ్గా తిండి తినలేదు.

ఇరవయ్యో తారీకు వచ్చింది. సుమ ఫోన్ తీయడం చూసి, "ఇంగ ఏం మొహం పెట్టుకోని అడుగుతావే?" అన్నాడు.

"నా మొహమే నాయనా. దానికేమైంది?"

గుడ్డముక్కల మీద మీ మాట చెప్పండి సార్, ఇది నా ఆఖరి మెసేజ్ అని రాసి పంపేసింది. పంపి, ఆ మూట విప్పి ఎసట్లో బియ్యం పోసింది.

అన్నం ఉడికేలోపు ఫోన్లో మెసేజ్ వచ్చిన చప్పుడైంది. సుమ చేతులు తడిగా ఉంటే తండ్రే తీశాడు. కన్నడ అక్షరాలు కూడబలుక్కుంటూ, గట్టిగా తెలుగులో చెప్పాడు.

"వదులుగా ఉతికి చూసినారంట. చారలు పోయినాయంట. సోమవారం వచ్చి చేరమన్నాడు."

కళ్లు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఉత్త చేతులతో రమ్మన్నాడే."