గోటితో తెరుచుకునే గడియ

సబాయె అనే ఊళ్ళో ఎవరికైనా చూపు మసకబారితే అనుమానం మొదట అద్దం మీదికి పోతుంది, ఆ తర్వాత ఫ్రేము మీదికి. కంటి వంతు రానే రాదు. ఊరు ఊరంతా కళ్ళజోళ్ళు చేసి బతికేవాళ్ళే. ఒక ఇంట్లో చట్రం వంచుతారు, పక్కింట్లో మెరుగు పెడతారు, ఎదురింట్లో అద్దం అరగదీస్తారు. ఇంత చేసీ కన్నంటే ఏమిటో వాళ్ళకేం తెలుసు, మన్ను!

ఆ ఊళ్ళో యసుజి ఫ్రేములకు నమూనాలు గీసేవాడు. ఆయన భార్య తోకికో ముందుగదిలో కూర్చుని వాటికి టంకం వేసేది. చక్కెర జబ్బు పట్టుకున్నాక ఆయన చూపు ఒక తీరున నిలవడం మానేసింది. పొద్దున సరిపోయిన అద్దాలు సాయంత్రానికి పనికిరావు. అద్దం మార్చాలంటే చట్రం అంచున చీమ తలకాయంత మరమేకు ఊడదీయాలి. అది కాస్తా చాప సందులో పడిందంటే మొగుడూ పెళ్ళాలిద్దరూ నేల మీద దేవులాడాల్సిందే.

"ఈ మర పీడ వదిలిస్తా చూడు," అన్నాడు యసుజి ఒకసారి, మోకాళ్ళ మీద నుంచి లేస్తూ.

ఆ చలికాలమంతా గీశాడు, చెరిపాడు, మళ్ళీ గీశాడు. చివరికి మర బదులు చిన్న గడియ పెట్టాడు. బొటనవేలి గోటితో ఎత్తితే చట్రం నోరు తెరుస్తుంది, అద్దం అరచేతిలోకి జారుతుంది. ఇంకొకటి పెట్టి నొక్కితే టక్కున మూసుకుంటుంది. దానికి టంకం వేసింది తోకికోనే. వేడి పిసరంత ఎక్కువైతే గడియ చట్రానికి అతుక్కుపోయేది, తక్కువైతే ఊడి వచ్చేది. ఎన్నో పాడుచేసి ఒకటి నిలబెట్టింది. దాన్ని చేతిలో పెట్టుకుని ఆయన గంతులేసినంత పని చేశాడు.

అప్పటి నుంచి ఇంట్లో అద్దాల పండగే. ఎదురింటి ఫుసాయె అద్దాలు అరగదీసి తెచ్చేది, తెచ్చినప్పుడల్లా ఓ మాట విసిరేది.

"ఏం వదినా, అన్నయ్య గుడ్డలు మార్చినట్టు అద్దాలు మారుస్తున్నాడు! ఇలాంటి బేరం ఇంకొకటి తగిలితే నేను మేడ కట్టేస్తా."

"కట్టవే తల్లీ, పై అంతస్తు మాకివ్వు," అని తోకికో నవ్వేది.

వచ్చిన ప్రతి జతా ముందుదానికంటే మందంగా ఉండేది. అది ముగ్గురికీ తెలుసు, ముగ్గురికీ పట్టలేదు. "ఏమిటోనే, నల్లటి దారం ఒకటి ఈదుతున్నట్టుంది," అని యసుజి అంటే తోకికో అద్దం మీద ఊది, మెత్తటి తోలుతో తుడిచి ఇచ్చింది. దారం పోలేదంటే మళ్ళీ తుడిచింది. అయ్యో, ఎంత శ్రద్ధగా తుడిచిందో ఆ పిచ్చితల్లి!

వానాకాలంలో ఒక పొద్దున ఆమె టంకం వేస్తుంటే లోపలి గదిలోంచి గడియ చప్పుడు వినిపించింది. టక్కు. కాసేపటికి మళ్ళీ టక్కు. ఎంతసేపటికీ ఆగదేమని వెళ్ళి చూసింది. పెట్టెలో ఉన్న జతలన్నీ చాప మీద పరిచి, యసుజి ఒక్కొక్కటే పెట్టుకుంటూ తీస్తున్నాడు.

"ఒక్కటీ సరిపోవడం లేదే," అన్నాడు. "ఫుసాయెను పిలువు. ఇంకా మందంవి కావాలి."

ఆ మధ్యాహ్నమే ఫుకుయి పట్నంలో ఆస్పత్రికి వెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ వయసులో చిన్నది, మెల్లగా మాట్లాడింది.

"కంటి వెనక చాన్నాళ్ళ నుంచి నెత్తురు కారుతోంది. ఇప్పుడు రెండు కళ్ళలోనూ లోపలి పొర ఊడిపోయింది. ఇక ఏ అద్దమూ పనిచేయదు. మొదట్లోనే వచ్చుంటే ఆపేవాళ్ళం. నల్లదారాల్లాంటివి కనిపించలేదా?"

"కనిపించాయి," అన్నాడు యసుజి.

"మరి ఏం చేశారు?"

"అద్దం తుడిచామమ్మా," అంది తోకికో.

డాక్టరమ్మ తల దించుకుంది. శస్త్రచికిత్స చేశారు గాని, వెలుతురు ఏ వైపుందో తెలియడం తప్ప యసుజికి ఏమీ మిగల్లేదు.

ఆకులు రాలే రోజుల్లో యసుజి నమూనాలు గీసిచ్చే కంపెనీవాళ్ళు ఆ గడియ నమూనా తీసుకున్నారు. మెచ్చుకున్నారు కూడా. టంకం కోసం చట్రాలు పెట్టెనిండా వచ్చి ముందుగదిలో దిగాయి. తోకికో ఆ పెట్టెను కాలితో గోడవారకు నెట్టేసింది.

"నేను ముట్టను. ఇంకెవరి చేతనైనా వేయించుకోమనండి."

"అదేం మాటే? గడియ ఏం పాపం చేసింది?"

"ఏం చేసిందా?" అంతకాలం మింగినదంతా ఒక్కసారి పొంగుకొచ్చింది. "ఆ మరే ఉండుంటే, దాన్ని ఊడదీసీ ఊడదీసీ విసుగెత్తయినా ఆస్పత్రికి పోయేవాళ్ళమండీ! తేలిక చేశాం. మీరు గీశారు, నేను అతికాను. మీ కళ్ళు నా చేత్తోనే పోగొట్టాను."

తన ఏడుపు ఆయనకు వినిపించకూడదని తోకికో పొయ్యి దగ్గరికి వెళ్ళి, నోట్లో తువ్వాలు కుక్కుకుంది.

యసుజి చేత్తో తడిమి, అల్మరాలోంచి తన కళ్ళజోడు తీశాడు. గోటితో గడియ ఎత్తాడు. మందం తడిమి చూసి, ఫుసాయె ఆఖరున తెచ్చిన జత వెతికి, ఒక్కో అద్దాన్నీ వేళ్ళతోనే కూర్చోబెట్టి నొక్కాడు. పెట్టుకుని, వెలుతురున్న కిటికీ వైపు తిరిగాడు.

"ఇదిగో, ఈ జతతో కాస్త నయంగా ఉందే," అన్నాడు. "నీ మొహం తెలుస్తోంది. నుదుటి మీద మసి అంటుకుంది, తుడుచుకో. ఏడవకు."

కిటికీ దగ్గర ఎవరూ లేరు. తోకికో తువ్వాలు తీసి మొహం తుడుచుకుంది. అడుగు చప్పుడు కాకుండా వెళ్ళి, ఆయన చూస్తున్న చోట నిలబడింది.