వెనక వరసలో మనిషి

పెన్సిల్ మొనను గరుకు కాగితం మీద తిప్పి తిప్పి సూదిలా చేసుకుని, రత్తయ్య మళ్ళీ నెగెటివ్ మీదికి వంగాడు. గాజుపలక మీద ఒక పెళ్ళికూతురి మొహం తలకిందులుగా ఉంది. బుగ్గ మీద ఉన్న స్ఫోటకం గుంటల్ని చుక్క చుక్కగా పూడుస్తున్నాడు. ఎడమ భుజం పొద్దుటినుంచి లాగుతోంది. బల్ల మీద ఆనించి ఆనించి అలా అయిందనుకున్నాడు.

గవర్నర్‌పేటలోని ఆ స్టూడియోలో అతను మొదట ఫొటోలు కడిగేవాడు. చెయ్యి నిలకడగా ఉందని యజమాని వెంకటసుబ్బారావు నెగెటివ్‌లు దిద్దే టచింగ్ పని అప్పజెప్పాడు. ఇక అక్కడే తల నెరిసింది. బస్సులో ఎదుట కూర్చున్నవాళ్ళ మొహాల్లో కూడా మచ్చలు వెతుకుతాడని భార్య బుల్లెమ్మ దెప్పుతుండేది.

యజమాని పిలిస్తే ముందు గదిలోకి వెళ్ళాడు. దివిసీమ నుంచి వచ్చిన మనిషి, పేరు పోలరాజు, బల్ల అంచున కూర్చుని ఉన్నాడు. నల్లగా, గట్టిగా ఉన్నాడు. చేతిలో అట్టకు అంటించిన పెళ్ళి ఫొటో. ఉప్పెన వచ్చినప్పుడు అది అవనిగడ్డలో బంధువుల ఇంట్లో ఉండబట్టి మిగిలింది. ముందు వరసలో అతని తమ్ముడూ మరదలూ, చుట్టూ ఇంటిల్లిపాదీ. వెనక వరసలో ఓ మూల, ఎవరి భుజమో అడ్డం వచ్చి, నీడలో సగం మొహంతో ఒక స్త్రీ. ఆమె అతని భార్య గంగారత్నం. ఆమెకు వేరే ఫొటో లేదు.

మిగతావాళ్ళను చెరిపేసి ఆమెనొక్కదాన్నే పెద్దది చెయ్యమని యజమాని రత్తయ్యకు చెప్పాడు. ఎప్పుడూ చేసే పనే. రత్తయ్య తల ఊపాడు.

"తీసెయ్యమాకండి," అన్నాడు పోలరాజు. "ఆళ్ళు కూడా పోయారండి. మా అమ్మండి, ఈడు తమ్ముడండి. అందరూ ఉండాలి. కాకపోతే చూడగానే గంగారత్నం కనపడాలండి."

ఇంతమందిలో వెనకాల ఉన్న మనిషి ఎలా కనపడుతుందని యజమాని విసుక్కున్నాడు. రత్తయ్య ఫొటోను వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు.

"చూస్తానండి," అన్నాడు.

ఫొటోకు నకలు తీసుకుని అసలుది అతని చేతికే ఇచ్చేశారు. శుక్రవారం రమ్మన్నారు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక రత్తయ్య ఆ నకలు నెగెటివ్ ముందు కూర్చున్నాడు. తన చేత్తో ఎంతమందిని తీసేశాడో గుర్తొచ్చింది. వాటాల దగ్గర తగువులాడిన అన్నదమ్ములు, పుట్టింటికి వెళ్ళిపోయిన కోడళ్ళు. కుంచెతో ఒక పూత పూస్తే మనిషి ఉన్న చోట తెల్లటి గోడ మిగిలేది. తీసెయ్యమని అడిగినవాళ్ళే గాని ఉంచమని వచ్చినవాళ్ళు లేరు. ఎవరు, ఎందుకని అతనూ ఏనాడూ అడగలేదు.

గంగారత్నం చెంప మీది నీడను పెన్సిల్‌తో పలచన చేశాడు. కనుబొమ్మ కింద ఒక గీత, పెదవి చివర ఒక చుక్క. ముక్కుపుడక జోలికి పోలేదు. తర్వాత చీకటిగదిలోకి వెళ్ళి, తీగకు గుచ్చిన చిన్న అట్టముక్కను ఆమె మొహానికి అడ్డంగా ఆడిస్తూ, మిగిలినవాళ్ళ మీద వెలుతురు ఇంకాస్త పడనిచ్చాడు. వెలుతురు ఎక్కువ తగిలినకొద్దీ కాగితం నల్లబడుతుంది. మొదటి ప్రింటు మరీ నల్లగా వచ్చింది; పోలరాజు తల్లి కళ్ళు మునిగిపోయాయి. చింపి పారేసి ఇంకోటి వేశాడు. అదీ నచ్చలేదు. ఆ తర్వాత వేసినది మందునీళ్ళలో మెల్లగా తేలింది. అందరూ సాయంత్రపు మసకలో నిలబడినట్టున్నారు, ఒక్కొక్కరినీ గుర్తుపట్టవచ్చు. చూపు మాత్రం పెళ్ళికూతురిని దాటి తిన్నగా వెనక మూలకు పోతోంది. గంగారత్నం ఎవరో పిలిస్తే ఇటు తిరిగినట్టు ఉంది.

దాన్ని ఆరవేసి, పొద్దు వాలకముందే ఇంటికి బయల్దేరాడు. అరుగు మీద కూర్చుని చొక్కా గుండీలు విప్పుకుంటూ బుల్లెమ్మను మజ్జిగ అడిగాడు.

"ఇయ్యాల ఎవర్నీ తియ్యలేదే. అందర్నీ ఉంచేశా," అన్నాడు.

ఏమిటో ఆ మాట అనుకుంటూ ఆమె లోపలికి వెళ్ళింది. గ్లాసుతో తిరిగి వచ్చేసరికి అతని తల గోడకు వాలి ఉంది. నిద్ర అనుకుని ఆమె కాసేపు లేపలేదు.

శుక్రవారం పోలరాజు వచ్చాడు. ఫొటోను రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాడు. వేలు ముందు గంగారత్నం మీద పెట్టి, తర్వాత తల్లి మీదికీ, తమ్ముడి మీదికీ జరిపాడు.  ఇది చేసినాయన ఏరని అడిగాడు.

యజమాని చెప్పాడు.

పోలరాజు సంచిలోంచి ఒక పొట్లం తీసి, ఆయనకని తెచ్చానండి అన్నాడు. వెనక్కి తీసుకెళ్ళడం బాగుండదనుకున్నాడేమో, కిటికీ పక్క ఖాళీగా ఉన్న రత్తయ్య బల్ల మీద పెట్టి, ఫొటో గుండెకు ఆనించుకుని మెట్లు దిగాడు.

తాటాకులో చుట్టి నారతో కట్టిన ఆ ఎండురొయ్యల పొట్లం వాసన సాయంత్రానికి స్టూడియో అంతా నిండింది. అయినా దాన్ని అక్కణ్ణించి తీయమని యజమాని ఎవరికీ చెప్పలేదు.