అందరికన్నా ముప్పై ఎక్కువ

ఎనభైల నాటి బొంబాయిలో, పనికోసం కూలీలు చేరే నాగ్‌పాడా నాకా మీద పదిహేనేళ్లుగా నిలబడుతున్న మల్లవ్వకు తెలిసిన పద్ధతి ఒక్కటే. రేటు అందరికీ వినబడేలా చెప్పందే ఏ ఆడమనిషీ పనికి లారీ ఎక్కదు. అలాంటి మనిషి కూడా కూతురు భూదేవి నెల పగార్ సంగతి రెండేళ్లుగా కడుపులో దాచుకుంది. సూపర్‌వైజర్ శంకర్రావు అలా దాచుకోమన్నాడు మరి!

మహానుభావుడు! దాదర్‌లో ఉంటాడు, మన తెలుగువాడే, ఇస్త్రీ చొక్కా నలగనివ్వడు. గదికో కుటుంబం ఉండే కామాఠీపురా చాల్ నుంచి ఏడుగురు ఆడపిల్లల్ని పొద్దున్నే వ్యానులో అంధేరిలోని సెమీకండక్టర్ కంపెనీకి తీసుకుపోతాడు. అక్కడ వాళ్లు మైక్రోస్కోపులో కళ్లు పెట్టి, వెంట్రుకకన్నా సన్నని బంగారు తీగలు చిప్పులకు అతికిస్తారు. జీతం మాత్రం అంటించిన కవరులో ఇస్తారు. ఎంతో ఎవరికీ చెప్పకూడదట, పెద్ద కంపెనీల మర్యాదట. మర్యాదా, మట్టిగడ్డలా!

ఓ రోజు పొద్దున వ్యానుతో పాటు కాగితాలూ తెచ్చాడు. ఇంకో రెండేళ్లు అదే జీతానికి ట్రెయినీలుగా ఉంటామని సంతకం పెట్టాలి. పెట్టనివాళ్లు రేపట్నుంచి రానక్కర్లేదు. భూదేవి కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నా, పర్మనెంటు చేస్తారనే ఇన్నాళ్లూ ఓర్చుకుంది. ఇప్పుడు వ్యాను కిటికీలోంచి పెన్ను అందుకుంది.

వ్యాను పక్కన నిలబడ్డ మల్లవ్వకు ఒళ్లు మండింది.

"ఆగు బిడ్డా. రేటెంత సారూ?"

"ఇది నాకా కాదు మల్లవ్వా," నవ్వాడు శంకర్రావు. "కంపెనీలో జీతాలు అరిచి చెప్పుకోరు."

"నేనైతే అరుస్త. నా బిడ్డకు నెలకు మూడొందల ముప్పై! అందరికన్నా ముప్పై ఎక్కువిప్పించిన, ఎవ్వరికి చెప్పకు అన్నవ్ గదా?"

వ్యానులోంచి చాల్‌లో పక్క ఖోలీ, అంటే పక్క గది పిల్ల కిష్టమ్మ తల బయట పెట్టింది. "అయ్యో, నాకూ గదే మాట చెప్పిండు! నాదీ మూడొందల ముప్పయ్యే!"

"నాకు గూడ!" అంటూ మిగతా పిల్లల గొంతులూ లేచాయి.

మల్లవ్వ సిగ్గుతో చచ్చిపోయింది. లేని ముప్పై రూపాయలకు రెండేళ్లు కిష్టమ్మ తల్లి ముందు లోలోపల మురిసిపోయింది కదా! సిమెంటు తట్టలు మోసే తనకే నెలకు నాలుగొందల పైన వస్తాయి.

"థూ! నీ ఇస్త్రీ అంగి పాడుగాను!" అంది.

భూదేవి పెన్ను తిరిగిచ్చేసింది. ఏడుగురూ దిగి, టిఫిను డబ్బాలు ఒళ్లో పెట్టుకుని, తల్లులు నాకా మీద కూర్చున్నట్టే ఫుట్‌పాత్ అంచున వరసగా కూర్చున్నారు. ఏడు కుర్చీలు ఖాళీగా ఉంటే కంపెనీలో తన గతేమిటో శంకర్రావుకు తెలుసు.

"టైమైపోతోంది, ఎక్కండమ్మా!" బతిమాలాడు.

"పర్మనెంటు ఎప్పుడు, పగార్ ఎంత?" అంది భూదేవి. "ఆ చివరి పిల్లకు గూడ వినబడేటట్టు అరిచి చెప్పు సారూ. అప్పుడెక్కుతం."