కుడివైపు చూసిన మనిషి

సంతకం పెట్టేసి మధ్యాహ్నం బస్సుకే ఇంటికి వెళ్ళిపోవాలనుకున్నాను.

లండన్ శివార్లలోని ఆ స్టూడియోలో, బురదలో చెక్కలూ అట్టలూ నిలబెట్టి తూర్పు బెర్లిన్ వీధి కట్టారు. పైన గొట్టాలతో వాన కురిపిస్తున్నారు. నిజమైన వాన అప్పటికే పడుతోంది కానీ అది కెమెరాకు కనిపించదట.

మారిస్ పెల్ నాకొక మడత కుర్చీ వేయించాడు. అతనూ నా భర్త సిరిల్ ఒకే గూఢచారి శాఖలో పనిచేశారు. ఉద్యోగం వదిలాక మారిస్ రాసిన నవలే ఈ సినిమా. అందులో బెర్లిన్‌లో పట్టుబడే ఇంగ్లిషువాడు సిరిలే. పేరు మార్చాడు గాని, మెడలోని ఆకుపచ్చ మఫ్లరు మార్చలేదు. దాన్ని అల్లింది నేను. నవలలో ఆ మనిషి ముందురోజు తాగి, సారాకొట్టులో వాగి, తన గుట్టు తనే బయటపెట్టుకుంటాడు. శాఖ కాగితాల్లోనూ అదే ఉంది. నాకు అభ్యంతరం లేదని రాసిస్తేనే సినిమా బయటికొస్తుందని లాయర్లు అన్నారట.

సిరిల్ తూర్పు జర్మనీ జైల్లో రెండో శీతాకాలం దాటలేదు. అది జరిగి పదకొండేళ్ళు. తాగుబోతు కాదని మొదట్లో అందరితో వాదించాను. తరువాత వాదించడానికి ఓపిక లేకపోయింది. ఒప్పుకుంటే ఇక ఎవరూ అడగరు కదా అనిపించింది.

"చదివాకే సంతకం పెట్టు, ఈనిడ్," అన్నాడు మారిస్ కాగితం ఇస్తూ.

"నవల చదివాగా. ఇందులో కొత్తగా ఏముంటుంది?"

అతను బూట్లకంటిన బురద వంక చూసుకున్నాడు.

తీస్తున్నది పట్టుబడే దృశ్యం. జర్మన్‌గా వేషం వేసుకున్న గూఢచారి వీధి దాటాలి. ఎడ్విన్ కార్ అనే నటుడు పొద్దుటినుంచీ దాటుతూనే ఉన్నాడు. ప్రతిసారీ ఏదో ఒకటి: వాన ఆగింది, కారు ఆలస్యమైంది, టోపీ ఎగిరింది. ఏ షాటులో ఏ గుండీ పెట్టుకున్నాడో రాసుకునే డాట్ అనే ఆవిడ నా పక్కనే కూర్చుని బన్ను తింటోంది.

నాలుగింటికి డాట్ గట్టిగా అరిచింది. "ఆపండి! ఎడ్విన్ నాయనా, కుడివైపు చూశావు!"

"చూశానా?"

"చూశావు. బెర్లిన్‌లో బళ్ళు ఎడమనుంచి వస్తాయి బాబూ. ముందు ఎడమకి చూడాలి. పొద్దున అంతా సరిగ్గానే చేశావుగా?"

"పొద్దున నాకు ప్రాణం ఉంది, డాట్. ఇప్పుడు మెడ దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతోంది."

"మెడ నీది, జీతం వాళ్ళది. తిప్పు!"

అందరూ నవ్వారు. మళ్ళీ తీశారు. ఎడ్విన్ పేవ్‌మెంట్ అంచున ఆగి, తల కుడికి తిప్పాడు. వెంటనే తెలిసి తనను తనే తిట్టుకున్నాడు. మూడోసారీ అంతే.

ఈసారి నాకు నవ్వు రాలేదు. ఇంగ్లండులో బళ్ళు కుడినుంచి వస్తాయి కనుక మన పిల్లలకు నడక రాగానే నేర్పేది అదే: అంచున ఆగు, కుడికి చూడు, ఎడమకి చూడు, మళ్ళీ కుడికి చూడు. సిరిల్ జర్మన్ మాట్లాడితే జర్మన్లే తమవాడనుకుని ఏ ఊరని అడిగేవారు. కానీ అలసిపోయినప్పుడు మనిషి చిన్నప్పటి మనిషే అవుతాడు.

"మారిస్," అన్నాను, "సిరిల్‌ని ఎక్కడ పట్టుకున్నారు?"

"తెలుసుగా. వీధిలో."

"వీధిలో ఎక్కడ?"

"దాటబోతూ అంచున ఆగాడట. ఎదురుగా ఆగిన కారులోంచి ఇద్దరు దిగారు. చూసినవాడు ఒక్కడే, అంతకుమించి చెప్పలేదు. ఎందుకు అనుమానం వచ్చిందో మాకెవరికీ అంతుపట్టలేదు. ఏదో ఒక కారణం రాయాలి కదా..."

"అందుకని కాగితం మీద తాగించారు."

"శాఖ రాసింది. నేను నమ్మాను."

"అప్పటికి సిరిల్ నిద్రపోయి ఎన్ని రోజులు?"

"నాలుగు." మారిస్ ఎడ్విన్ వంక చూశాడు. ఎడ్విన్ తడిసిన కోటుతో, నడక మొదలుపెట్టాల్సిన గుర్తు దగ్గరికి మళ్ళీ వెళ్తున్నాడు. "అయ్యో, ఈనిడ్. సిరిల్ కూడా కుడికే చూసుంటాడు."

కాగితం మడిచి అతని చేతిలో పెట్టాను. "సారాకొట్టు తీసెయ్యమను. అప్పుడు పెడతాను."

"ఆ దృశ్యం షూటింగ్ అయిపోయింది, నాలుగు వారాల కిందటే! దర్శకుడు నన్ను చంపేస్తాడు."

"చంపనివ్వు. నువ్వు పోయాక నిన్ను తాగుబోతని మాత్రం రాయనులే."

అతను వెళ్ళాడు. వాన గొట్టాలు ఆగాయి. గుడారం దగ్గర దర్శకుడి చేతులు గాలిలోకి లేవడం, మారిస్ తలవంచుకుని నిలబడటం నాకు కనిపిస్తూనే ఉన్నాయి. డాట్ ఏమీ అడగకుండా తన టీలో సగం నా కప్పులో పోసింది. అప్పటికే చల్లారిన టీ.

అరగంటకు మారిస్ వచ్చాడు. "సారాకొట్టు పోయింది. మరి ఎలా పట్టుబడ్డాడో ప్రేక్షకులకి ఎలా తెలుస్తుందని దర్శకుడు అడుగుతున్నాడు."

"ఇందాకటి తప్పు షాటే ఉంచమను."

"ఇంగ్లండులో అది ఎవరికీ తప్పులా కనిపించదు, ఈనిడ్. హాల్లో ప్రతివాడూ అలాగే చూస్తాడు."

"కారులో ఉన్నవాళ్ళకి కనిపిస్తుందిగా. వాళ్ళ ముఖాలు చూపించమను."

మారిస్ తల ఊపి కలం ఇచ్చాడు. సారాకొట్టు దృశ్యం ఉండదని కాగితం మీద అతనిచేత రాయించి, అతని సంతకం కింద నా సంతకం పెట్టాను.