లేవనివ్వని చాప

నేను ఒక తుంగ చాపను. నా మీద కూర్చునేవాళ్లు నన్ను పట్టించుకోరు, నేనూ వాళ్ల ముఖాలు పెద్దగా చూడను. నాకు తెలిసేదల్లా బరువు. మనసు కుదురుగా ఉన్న మనిషి ఎలా కూర్చుంటుందో, అప్పున్న మనిషి ఎలా కూర్చుంటుందో నన్నడగండి, చెబుతాను. అప్పున్న మనిషి రెండు కాళ్లూ మడవదు. ఎప్పుడు లేచి పోదామా అన్నట్టు ఒక మోకాలు పైకి పెట్టుకునే ఉంటుంది.

కాలవ గట్టున తుంగ కోసి, ఎండబెట్టి, అంచుకు ఎర్ర రంగు వేసి నన్ను అల్లిన ముసలామె తిరనాళ్లలో మార్తమ్మకు అమ్మింది. కూతురి పురుడికని కొన్నది మార్తమ్మ. మొదట్లో నా మీద ఓ పసిబిడ్డ పడుకుంది. అంత తేలికైన బరువును మళ్లీ మోయలేదు నేను.

తర్వాత మోటారుసైకిల్ మీద లోను కంపెనీ సారు వచ్చాడు. ఆడవాళ్లు ఐదుగురు జట్టు కడితే తాకట్టు లేకుండా లోను ఇస్తామన్నాడు. అదొక్కటీ అబద్ధం. ఒకరికొకరు తాకట్టయ్యారు. వారం వారం మార్తమ్మ వరండాలో నన్ను పరిచేవారు. ఐదుగురి కిస్తీ పూర్తిగా ముట్టేదాకా ఒక్కరు కూడా చాప మీదనుంచి లేవకూడదు. అదీ కట్టుబాటు. పేదవాళ్లకు పేదవాళ్లనే కాపలా పెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గాని, మహా తెలివైనవాడు.

ఆ జట్టులో రాహేలు, ఎస్తేరు తోడికోడళ్లు. పక్కపక్క ఇళ్లు. మిరప కోతకు వెళ్లినా పక్కపక్క సాళ్లే పట్టేవారు. రాహేలు లోను డబ్బుతో పాడిబర్రెను కొంది. ఆ రోజుల్లో నా మీద హాయిగా బాసింపట్టు వేసుకుని కూర్చునేది. పాలు అమ్మి కిస్తీ కట్టేది, పిల్లలకు ఓ గ్లాసు మిగిల్చేది. అప్పు మంచిదేనేమోనని నేను కూడా నమ్మాను.

ఈనేటప్పుడు దూడ అడ్డం తిరిగి బర్రె చచ్చిపోయింది. కిస్తీ మాత్రం బతికే ఉంది. ఇంకో కంపెనీలో లోను తెచ్చి ఈ లోను కట్టాలనుకుంది రాహేలు. ఆమె పేరు మీద ఇవ్వం అన్నారు వాళ్లు. "నా పేరు మీద తీసుకో అక్కా, నాకు మాత్రం నువ్వు తప్ప ఎవరున్నారు?" అంది ఎస్తేరు. మనుషులు చేసే తప్పుల్లో ఇంత ప్రేమగా చేసే తప్పును నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ ఏడు మిరపకు తెగులు తగిలి కోతలు లేకుండా పోయాయి. రాహేలు కిస్తీలు ఆగిపోయాయి. ఓ వారం చాప దగ్గరికే రాలేదు. సారు వాచీ చూసుకుని, "మీ జట్టు మనిషే కదమ్మా, మీరే చూసుకోండి. లేకపోతే ఎవరికీ కొత్త లోను రాదు" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. మార్తమ్మ నన్ను చుట్టి చంకన పెట్టుకుంది. నలుగురూ వెళ్లి రాహేలు వాకిట్లో నన్ను పరిచి కూర్చున్నారు.

"యాడ తెచ్చేది పిన్నమ్మా? ఇంట్లో ఏవుందో మీరే చూడండి" అంది రాహేలు గడపలో నిలబడి.

"మాకు మాత్రం యాడుందే? నువ్వు కట్టకపోతే నీది మేం కట్టాల. మా పిల్లోళ్ల నోట్లో మట్టి కొట్టమాక" అంది మార్తమ్మ.

ఎస్తేరు నా మీద ఓ మూల తల వంచుకుని కూర్చుంది. ఆమె బరువు ఆ రోజు నాకు మోయరానిదిగా తోచింది.

ఎండ నడినెత్తికొచ్చినా ఎవరూ లేవలేదు. రాహేలు లోపలికి వెళ్లి, కాసేపటికి అన్నం, గోంగూర పచ్చడి తెచ్చి నలుగురికీ వడ్డించింది. వాకిట్లోకి వచ్చినవాళ్లను పస్తు కూర్చోబెట్టడం ఆమెకు చేతకాదు. పీకల మీద కూర్చున్నవాళ్లకే "ఇంకొంచెం పెట్టించుకో" అంటూ కొసరి పెట్టింది. వాళ్లు సిగ్గుపడుతూనే తిన్నారు. ఆకలిగా ఉంది మరి. చేతులు కడుక్కున్నాక, ఆ అన్నం వండిన గ్యాస్ పొయ్యినీ సిలిండర్నూ బయటికి తెచ్చారు. సిలిండర్ను ఎస్తేరు ఎత్తలేకపోతే రాహేలే ఓ వైపు పట్టింది.

అవి అమ్మితే ఆ వారం గడిచింది. ఆ తర్వాత అమ్మడానికి ఏమీ లేదు. ఓ రోజు తెల్లవారకముందే రాహేలు, మొగుడు, పిల్లలు ఇటుక బట్టీల పనికి వెళ్లిపోయారు. తలుపుకు తాళం కూడా వేయలేదు.

రాహేలు బాకీ నలుగురూ పంచుకున్నారు. తన పేరు మీద తెచ్చిన రెండో అప్పును ఎస్తేరు ఒక్కతే మోసింది. ఆమె చెవుల్లో ఇప్పుడు చీపురుపుల్లలున్నాయి. బాకీ లేని జట్టని సారు మెచ్చుకుని చప్పట్లు కొట్టించాడు, కంపెనీ పేరున్న ప్లాస్టిక్ చాప బహుమతిగా ఇచ్చాడు. ఎస్తేరు కూడా చప్పట్లు కొట్టింది. నాతో ఇక పని లేదని మార్తమ్మ నన్ను ఆమెకిచ్చేసింది.

ఇప్పుడు అంచులు చీకిపోయి ఎస్తేరు వసారాలో పడి ఉన్నాను. మొన్న మధ్యాహ్నం ఆమె నా మీద నడుం వాల్చి ఉండగా ఫోను మోగింది. రాహేలు. తిట్టుకుంటారేమోనని భయపడ్డాను. "పిల్లలు తిన్నారా అక్కా?" అని అడిగింది ఎస్తేరు.

"తిన్నార్లే. ఇదిగో, ఈడ తీసుకున్న అడ్వాన్సు తీరగానే వచ్చేస్తా. చాప మీద నా చోటు ఎవరికీ ఇయ్యొద్దని మార్తమ్మ పిన్నమ్మకు చెప్పు. మళ్లీ లోను తీసుకుని బర్రెను కొనుక్కుంటా."

ఆ చోట్లో అప్పటికే మార్తమ్మ కోడలు కూర్చుంటోంది. ఎస్తేరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్తాలే అక్కా" అంది.