ఒట్టి ఏరు, బి సైడు

ఇది నా గొంతేనా, నాదే అయితే ఇంత సన్నగా, జలుబు చేసిన పిల్లాడి గొంతులా ఎందుకుంది, పావగడలో బస్సెక్కినప్పటి నుంచీ ఇదే ఆలోచన, డ్రైవర్ దొడ్డన్నకు క్యాసెట్టు ఇచ్చేటప్పుడు మాదని చెప్పలేదు, ఎవరో కొత్తోళ్ళదంట, వెయ్యన్నా చూద్దాం అన్నాను, ఆయన అట్ట మీది పేరు చదివి, ఒట్టి ఏరా, నీళ్ళుండే ఏటి మీద ఎవురూ పాట కట్టరా ఏందప్పా అని నవ్వి టేపులో పెట్టాడు, నేను వెనక సీట్లో దొంగలా కూర్చుని జనం మొహాలు చూస్తున్నాను, గిటారు మొదలవగానే ముందు సీట్లోని నరసక్క ఒళ్ళో సంచీ గట్టిగా పట్టుకుంది, ఆ తర్వాత నా గొంతు, ఎవురప్పా ఈ పిల్లోడు, వీని ఎనకాల ఎవురన్నా తరుముకుంటా వస్తాండారా అంది, బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను, నవ్వకపోతే దొరికిపోతాను కదా.

మేం చేసిన తప్పు బెంగళూరులో ఎవరూ చేయరు, చేయాలన్నా కుదరదు, పాటకూ గిటారుకూ నేను, డ్రమ్ములకు బొమ్మన్న, కీబోర్డుకు తిమ్మరాయప్ప, ఇదే మా రాక్ బ్యాండు, వానపంట పోయి ఖాళీగా పడున్న మా నాయన వేరుశనగ గోడౌన్‌లో శబ్దం మోగకుండా గోడలకు గోనెసంచులు వేలాడదీశాం, అంతవరకూ మహా తెలివైనవాళ్ళమే, కరెంటు వచ్చిన వేళ చూసి రికార్డు చేశాం, కరెంటొస్తే చుట్టుపక్కల బోరు మోటర్లన్నీ ఒక్కసారే లేస్తాయని మాకు తెలియదా, బల్బు ఎర్రగా మూలుగుతుంటే చూడలేదా, చూశాం, కానీ వోల్టేజీ పడిపోతే అరువు తెచ్చిన ఆ పాత టేపు నెమ్మదిగా తిరుగుతుందని, అలా పట్టిన పాటను మంచి కరెంటులో వేస్తే పరుగెత్తుతుందని ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు, ఆఖరి పాట తప్ప మిగతావన్నీ విని చూసుకున్నదీ అదే టేపులో, అదే గుడ్డి కరెంటులో, ఎంత బాగుందో, కౌగిలించుకున్నాం కూడా, కాపీలన్నీ తీయించాక పావగడ అంగడిలో మొదటి పాట వేసి వింటే ఈ చిలక పలుకులు, మిగతావి వినే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

బొమ్మన్న తల పట్టుకున్నాడు, ఇది బయటికి పోతే నేనింగ డ్రమ్ములు ముట్టనప్పా, అన్నీ చెరిపేద్దాం, బెంగళూరికి పోయి స్టూడియోలో మళ్ళా పాడదాం, నువ్వు ఊ అను చాలు అన్నాడు, కాపీల పెట్టె పెట్టుకుని నాగలమడిక బస్టాండులో నా కోసం కూర్చుని ఉంటాడు, దిగగానే ఊ అనాలి, లేదంటే బ్యాండు లేదు, ఊ అనడానికి నాకేం అడ్డం, ఏమీ లేదు, ఒక్కసారి మనవాళ్ళు వింటే ఏమంటారో చూడాలన్న కుతూహలం తప్ప, అదీ తీరింది, నవ్వారు.

దొడ్డన్న క్యాసెట్టు తిప్పి వేశాడు, పాపం ఓపిక గలవాడు, బి సైడు కూడా అదే పరుగు, జనం విసుగెత్తి వాళ్ళ మాటల్లో పడ్డారు, ఇక దిగే ఊరు దగ్గర పడుతోందనగా ఆఖరి పాట, యాడ పోతివి మబ్బా, మా మిద్దె మింద నీడన్నా ఇడ్సిపో, అరే, ఇదేమిటి, ఇది నా గొంతు, స్నానం చేసేటప్పుడు నాకు వినిపించే గొంతు, బొమ్మన్న దెబ్బ కూడా దెబ్బలాగే పడుతోంది, నరసక్క వెనక్కి తిరిగి, ఈడెవుడో పెద్దోడొచ్చినాడే, మన మాటే మాట్లాడతాండాడు అంది, ఎవరూ నవ్వడం లేదు, ఈ ఒక్క పాట ఎలా కుదుటపడింది, టేపుకు జాలేసిందా, ట్రాన్స్‌ఫార్మరుకు పాట నచ్చిందా, ఆ రోజు ఏం జరిగిందో ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు.

ఇదేనా గంగాధరా ఆ పాట, పక్క సీటులోంచి బోరయ్య మామ, మా చేను పక్క చేనాయన, ఏ పాట మామా అన్నాను, అదేప్పా, ఆ దినం మీ నాయన గట్టు మింద ఉరుక్కుంటా వచ్చినాడు, మోటరు ఆపు బోరయ్యా, లో వోల్టేజీకి పిల్లోళ్ళ మిషను కాలిపోతాది, కాలితే మళ్ళా యాడ తెచ్చుకుంటారు అన్నాడు, శెనక్కాయ ఊడలు దిగే టైములో నీళ్ళు ఆపేదేంది, పిచ్చా నీకు అని తిట్టినా, ఆయప్ప ముందే తనది ఆపేసి వచ్చినాడు, అందరి కాళ్ళా వేళ్ళా పడి ఆపిచ్చినాడు, ఇంగ నేనేం జేసేది, మీ పాట అయిపోతానే కరెంటు పాయె, ఆ పొద్దు మీ మడికి చుక్క నీళ్ళు పారల్యా.

మా నాయనేనా, పాడితే వానొస్తాదా అని ఒక్క మాటన్న నాయనేనా, గోడౌన్ తాళాలు విసిరేసి మొహం తిప్పుకున్న నాయనేనా, ఎండ చూస్తే ఆకు ముడుచుకునే ఆ చేను నోటి దగ్గరి నీళ్ళు ఆపి గట్ల వెంట పరుగెత్తాడా, నేను గోనెసంచుల మధ్య కళ్ళు మూసుకుని మబ్బును పిలుస్తుంటే, మాకు ఒక్క మాట చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు, ఏడుపొస్తోంది, రానీ, బస్సు నెమ్మదిస్తోంది, అదిగో బొమ్మన్న పెట్టె మీద కూర్చుని ఇటే చూస్తున్నాడు, బెంగళూరులో కరెంటు బాగుంటుంది బొమ్మన్నా, పాటలన్నీ సరిగ్గానే వస్తాయి, అక్కడ మన కోసం ఎవరూ మోటరు ఆపనక్కరలేదు, అందుకే నేను ఊ అనను, నువ్వు బ్యాండు వదిలి వెళ్ళిపోయినా సరే, దీన్ని చెరపనివ్వను.