ఈల వేసిన దానం

కీ...య్!

సన్నగా, సూదిమొనలా ఒక ఈల. హాలంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. వ్యాపారుల ఉదయపు సమావేశం ఇంకా మొదలే కాలేదు. చేతులు మారుతున్న విజిటింగ్ కార్డులు గాలిలోనే ఆగిపోయాయి. చూపులన్నీ మైకు అతని మీదకు మళ్ళాయి.

"నన్నెందుకు చూస్తారండీ? తీగ ఇంకా నా చేతిలోనే ఉంది!" అన్నాడతను, దాన్ని పైకెత్తి చూపిస్తూ.

మళ్ళీ ఈల. ఈసారి అది బల్లల మధ్య నడిచింది. బిస్కెట్ల ట్రే పట్టుకున్న బేకరీ ప్యాకింగ్ పనిమనిషితో పాటు కదిలి, ఆమె ఆగితే తానూ ఆగింది. ఎవరో నవ్వారు. ఆ నవ్వు ముఖం నుంచి ముఖానికి పాకింది. అందరికీ వినబడుతున్నది తనకొక్కదానికే వినబడటం లేదని గ్రహించి, ఆమె చెవిలోని చిన్న యంత్రాన్ని గబగబా తీసి గుప్పిట్లో దాచుకుంది.

పాఠకులారా, ఆ హాలులో ఉంటే మనమూ నవ్వేవాళ్ళమేమో!

ఆ సమావేశాన్ని ఏర్పాటు చేసింది ఒక ప్రచార నిపుణురాలు. ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెడితే బేరం కుదురుతుందో, ఎవరి దానానికి ఏ మూల నుంచి వెలుగు పడితే పత్రికలో నిండుగా కనబడుతుందో ఆమెకు కరతలామలకం. వ్యాపారులు ఆమెను 'ఫొటో మేడమ్' అనేవారు. ఆ సాయంత్రమే, అదే హాలులో, సంఘం తరఫున వినికిడి యంత్రాల పంపిణీ ఉంది.

సంఘం అధ్యక్షుడైన బేకరీ యజమాని ఆమె దగ్గరకు వచ్చాడు. "చూశారా మేడమ్, ఈవిడతో నా అవస్థ! ఓవెన్ గంట మోగినా వినదు. బన్నులు బొగ్గులవుతున్నాయి. బల్ల చరిస్తే గాని ఇటు తిరగదు. రేపటి నుంచి రావద్దని చెప్పేస్తున్నాను. అది సరే గాని, సాయంత్రానికి మంచి మాట ఒకటి కావాలి. 'ప్రతి చెవికీ ఒక పలకరింపు' అంటే ఎలా ఉంటుంది?"

ఆమె ఆయన భుజం మీదుగా వేదికపై కట్టిన బ్యానరును చూస్తోంది. అందులో నిరుటి పంపిణీ ఫొటో. యంత్రం పెట్టె అందుకుంటూ విశాలంగా నవ్వుతున్న ఒక స్త్రీ.

"అయ్యా, ఒకసారి వెనక్కి తిరగండి."

తిరిగిన మనిషి తిరిగినట్టే నిలబడిపోయాడు. "ఇది... మా ప్యాకింగ్ ఆవిడ కదూ? నేనే ఇచ్చానా?"

"మీరే. ఇంకా మీ దగ్గర చేరకముందు. అదీ రెండుసార్లు ఇచ్చారు. మొదటి ఫొటోలో మీరు కళ్ళు మూశారని, పెట్టె వెనక్కి తీసుకుని మళ్ళీ ఇప్పించాను."

ప్రచార నిపుణురాలు పనిమనిషి ఎదుటికి వెళ్ళి, పెదవులు కనబడేలా నెమ్మదిగా అడిగింది. "ఏమైందమ్మా?"

"పని పోతుందని తెలిసింది మేడమ్. అందుకే ఇవాళ పెట్టుకొచ్చాను. చెవిలో నిలవదు, వదులై ఈల వేస్తుంది. మా వీధి పిల్లలు నన్ను రైలంటారు. ఎక్కండర్రా, టికెట్ లేదులే అంటాను." నవ్వబోయింది. నవ్వు సగంలోనే తడిసింది.

ఆ తడి ప్రచార నిపుణురాలి గుండెకు తగిలింది. నిరుడు వినికిడి పరీక్షలు చేసే నిపుణురాలు ఒక్కో చెవికీ కొలత చూడాలని ఎంత చెప్పినా, "అతిథులు వెళ్ళిపోతున్నారు, ముందు ఫొటోలు కానివ్వండి" అని ఆపింది తానే.

సాయంత్రం వేదికా ఫొటోలూ ఉండవని, ఒక్కో చెవికీ కొలత చూసే ఇస్తామని చెబుతూ, ఆ మధ్యాహ్నమంతా ఆమె దుకాణాల మెట్లెక్కి దిగింది.

"వేదిక లేకపోతే నా బోర్డు ఎక్కడ పెడతావమ్మా?" అన్నాడు బట్టల కొట్టాయన.

"బోర్డు వద్దు బాబాయ్, నువ్వు రా. వచ్చినవాళ్ళ పక్కన కూర్చో."

"ఫొటో లేకపోతే ఈ దానం ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు బేకరీ యజమాని.

"తీసుకున్నవాళ్ళకి తెలుస్తుందండీ. ఇంతవరకూ వాళ్ళకే తెలియలేదు."

సాయంత్రం బ్యానరు లేదు, పూలదండలు లేవు. బల్లలున్నాయి, కుర్చీలున్నాయి, ఓర్పు ఉంది. వినికిడి నిపుణురాలు ఒక్కో చెవినీ పరీక్షించి, యంత్రం చివరి రబ్బరు బుడిపెలు మార్చి మార్చి పెట్టి చూసింది. బేకరీ యజమాని కన్నార్పకుండా చూస్తున్నాడు.

"కేకులకే నా దగ్గర ఇన్ని అచ్చులున్నాయే! చెవులన్నిటికీ ఒకటే కొలత అనుకున్నాం!"

ప్యాకింగ్ ఆవిడ వంతు వచ్చింది. బుడిపె బిగువుగా అమరింది. ఈల లేదు.

"మీట నొక్కుతాను. వెనక నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలవండి. అరవద్దు, బల్ల చరచొద్దు," అంది నిపుణురాలు.

యజమాని లేచాడు. అలవాటుగా బల్ల మీదకు లేచిన చేయి గాలిలో ఆగింది. పేరు? ఆయనకు తెలియదు. ఫొటో కింద 'ఒక లబ్ధిదారు' అని రాసిన ప్రచార నిపుణురాలికీ తెలియదు.

"మీ చెవులు బాగానే పనిచేస్తాయిగా అయ్యగారూ, ఇటు వంచండి," అంటూ తోటి పనివాడొకడు ఆయన చెవిలో పేరు చెప్పాడు.

ఆయన సభ వైపు తిరిగాడు. "ఈవిడ పని ఎక్కడికీ పోదు. గంట వినబడనిది నాకే. ఇచ్చిన చేయి ఫొటోలో పడితే దానం పూర్తికాదు. పుచ్చుకున్న మనిషి బతుకులో అది పనిచేసినప్పుడే పూర్తవుతుంది. ఆ మనిషెవరో తెలుసుకోకుండా మనం ఇచ్చిందేదీ ఇచ్చినట్టు కాదు."

మీట చిటుక్కుమంది. ఏ చప్పుడుకూ కాక, ఎవరి చరుపుకూ కాక, పూర్ణిమలా విప్పారిన ముఖంతో ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది, ఆయన మెల్లగా పలికిన ఒకే ఒక్క మాటకు:

"ఇందుమతీ!"